యాదమ్మ చెయ్యి, మల్లెల కణకవచం

2023 వేసవి. కోకాపేటలో ఔటర్ రింగు రోడ్డుకు దగ్గరగా ఉన్న ఒక గేటెడ్ కమ్యూనిటీ నుంచి నాకు ఫోను వచ్చింది. నేను ప్లాంట్ పాథాలజిస్టుని, అంటే మొక్కల జబ్బులు చూసే డాక్టరుని. హైటెక్ సిటీ చుట్టుపక్కల ఆఫీసుల లాన్లు, అపార్ట్‌మెంట్ల తోటలు చూసిపెట్టడం నా బతుకుతెరువు. ఆకు మీద మచ్చ, వేరులో కుళ్లు, కాండంలో పురుగు నన్ను కంగారు పెట్టవు. వాటికి కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. కారణాన్ని ముందే తేల్చేసుకుని ఆ తర్వాత నన్ను పిలిచేవాళ్లంటేనే నాకు కంగారు.

ఫోను చేసింది అక్కడి అసోసియేషన్ ప్రెసిడెంటు ప్రసాదరావుగారు. నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరైన గోదావరి జిల్లా మనిషి. మాట మెత్తన.

"మా పూజావనంలో మల్లెలూ తులసీ వాడిపోతున్నాయండీ. మందు కొట్టించాం, మట్టి మార్పించాం. లాభం లేదు. మీరొచ్చి చూసి, మొక్కల్లో ఏ జబ్బూ లేదని ఒక రిపోర్టు ఇస్తే బాగుంటుందండీ."

"జబ్బు ఉందో లేదో చూడకుండా లేదని ఎలా ఇస్తానండీ?"

"అదేలెండి, చూసే ఇవ్వండి. తోటపని చేసే ఒక మనిషిని మార్పించాలి. పనివాళ్లని పంపే ఏజెన్సీవాళ్లు ఊరికే మార్చమంటే మార్చరు కదండీ. మొక్కల్లో లోపం లేదని తేలితే, లోపం ఎక్కడుందో వాళ్లే అర్థం చేసుకుంటారు."

అర్థమైంది. మొక్కల డాక్టరు చేత ఒక మనిషికి రోగం రాయించాలని చూస్తున్నారు. వెళ్లకూడదనుకున్నాను. వెళ్లకపోతే ఇంకెవరినో పిలిచి రాయించుకుంటారని వెళ్లాను.

పూజావనం అంటే క్లబ్‌హౌస్ వెనక నడుమెత్తు గోడ కట్టి, చిన్న ఇనప గేటు పెట్టిన తోట. ఇళ్లలో దేవుడికి పూలు బయట కొనకుండా ఇక్కడే కోసుకుంటారు. దాని బాధ్యత ప్రసాదరావుగారి భార్య అన్నపూర్ణగారిది. ఆవిడ గేటు మీద చెయ్యివేసి, తెరవకుండా, గొంతు తగ్గించి అడిగారు.

"ఏమీ అనుకోకండేం. మీరు ఇవాళ లోపలికి రావచ్చు కదండీ?"

చదువుకున్న ఆవిడ. కొడుకూ కోడలూ ఐటీలో పెద్ద ఉద్యోగాలు. అయినా నన్నడిగిన ప్రశ్నలో ఆవిడకు వింతేమీ కనిపించలేదు. ఆ రోజు నాకు నెలసరి రెండో రోజు. నడుంనొప్పికి మాత్ర వేసుకుని బయల్దేరాను. పోట్లాడదామని నోటిదాకా వచ్చింది. పోట్లాడితే గేటు మూసుకుంటుంది, మొక్కలు చూడకుండానే తిరిగెళ్లాలి.

"నేను రాకూడని తోట ఇంతవరకూ ఎక్కడా లేదండీ," అన్నాను. ఆవిడ దాన్ని తనకు కావలసినట్టు అర్థం చేసుకుని గేటు తీశారు.

మల్లె కొమ్మలు మెడలు వాల్చి ఉన్నాయి. తులసి ఆకులు ముడుచుకున్నాయి. ఆకు వెనక తిప్పి భూతద్దం పెట్టాను, పురుగు లేదు. ఒక మొక్క వేరు తవ్వి తీశాను, కుళ్లు లేదు. కాండం కోసి చూశాను, బూజు తినేసిన గోధుమరంగు చార లేదు. అయితే ఆకుల అంచులు కాలినట్టున్నాయి, మట్టి పైన తెల్లటి పొర. వేలికి అంటించుకుని నాలిక మీద పెట్టుకున్నాను. అన్నపూర్ణగారు మొహం చిట్లించారు.

"ఉప్పు," అన్నాను.

"ఇక్కడికి ఉప్పెలా వస్తుందండీ? అసలు సంగతి మీకు చెప్పాలి. యాదమ్మని ఒకామె ఉంది, ఇక్కడ నీళ్లు పోసేది. మా పద్ధతేమిటంటే, పనిచేసే ఆడవాళ్లు ఆ రోజులొస్తే సూపర్‌వైజరుకి చెప్పి కింద బేస్‌మెంట్ ఊడవడానికి వెళ్లిపోవాలి. ఈవిడ చెప్పకుండా దాచి మొక్కల్ని ముట్టుకుంటోందండీ. లేకపోతే ఆమె రానన్ని రోజులూ తేరుకుని, రాగానే మళ్లీ వాడిపోవడమేమిటి? ఒకసారి కాదండీ, మేమందరం గమనించాం."

నాకు కోపమొచ్చింది, నిజమే. కానీ ఆవిడ చివర చెప్పిన మాట నన్ను అక్కడే నిలబెట్టేసింది. మనిషి లేనప్పుడు తేరుకోవడం, వచ్చాక వాడడం. అది మూఢనమ్మకం కాదు, గమనింపు. గమనింపు నిజమైనప్పుడు దాన్ని తిట్టి పారెయ్యకూడదు. దాని కింద ఏముందో తవ్వాలి.

యాదమ్మ నీళ్లు పోశాక బేస్‌మెంట్ ఊడుస్తోందంటే అక్కడికి దిగాను. పంపు గది పక్కన చీపురు ఆనించి కూర్చుని ఉంది. నలభై ఏళ్లుంటాయి. మహబూబ్‌నగర్ వైపు ఊరు, బోరబండలో కిరాయి గది. నేనెవరో చెప్పగానే లేచి నిలబడింది.

"నన్ను తీసేయమని రాయనీకె వచ్చినవా మేడమ్?"

"మొక్కలు చూడ్డానికి వచ్చాను. మీరు కూర్చోండి."

"కూసునుడు ఎందుకు, ఇగ ఇంటికాడ కూసునేదే ఉన్నది." నవ్వింది, నవ్వు కళ్లదాకా పోలేదు. "తీసేస్తె తీసేయిండ్రి. గాని నేను అబద్ధమాడిన్నంటున్నరు సూడు, గది మంటగా ఉన్నది. నాకు ఒచ్చిన ప్రతిసారి జెప్పిన. జెప్పి గీ బేస్‌మెంట్ల ఊడ్సిన. ఇప్పుడు గీ మాట ఏజెన్సీల ఎక్కితె ఇంకో సైటుల తోటపని ఇస్తరా? చెయ్యి మంచిది గాదన్న పేరు వడ్తె ఎవడన్న మొక్క ముట్టనిస్తడా?"

"మరి మొక్కలు ఎందుకు వాడుతున్నాయంటారు?"

చీపురు పుల్ల ఒకటి లాగి విరిచింది. తర్వాత తన మీద తానే సాక్ష్యం చెప్పింది.

"గది నాక్గూడ సమజైతలేదు మేడమ్. నేను దాచలే. కాని నేను నీళ్లు పోసినంకనే వాడుతున్నయ్, గది నిజం. నా కండ్లార సూసిన. ఎక్కువ పోస్తె ఎక్కువ వాడుతున్నయ్. నేను లేకుంటె మంచిగుంటున్నయ్. నా చెయ్యే గసొంటిదేమో."

ఎక్కువ నీళ్లు పోస్తే ఎక్కువ వాడడం! ఆ మాట ఆమె నేరం ఒప్పుకుంటున్నట్టు చెప్పింది. నాకు మాత్రం తాళంచెవి చేతికందినట్టయింది.

"మీరు రానప్పుడు ఎవరు పోస్తారు?"

"సెక్యూరిటీ నర్సింహ."

మెయిన్ గేటు దగ్గరున్న నర్సింహను కదిపితే గలగలా మాట్లాడాడు.

"ఏం జెప్పాలె మేడమ్, నాది లక్కీ హ్యాండ్ అంటున్నరు. బీ బ్లాక్ అమ్మ తులసికుండి ఈడికే పట్టుకొచ్చి, నర్సింహా, జర ముట్టుకోర అంటది. ఊళ్లె మా నాయిన నన్ను పొలంల అడుగు వెట్టనీయకపోతుండె, నేను నాటితె ఏదీ మొలవదని!"

"నీళ్లు ఎక్కడివి పడతావు?"

"గీ గేటుకాడి మున్సిపల్ నల్లా నీళ్లే. యాదమ్మక్క గా వెనక సంపు నుంచి మోటర్ పెట్టి, బారెడంత పైపు గుంజి పడ్తది. గంత పైపు ఎవడు గుంజుతడు మేడమ్? నా డ్యూటీ వేరే కదా."

పని శ్రద్ధగా చేసే ఆమె సంపు నీళ్లు, బద్ధకించినవాడు నల్లా నీళ్లు. సంపు దగ్గరకు నడిచాను. మూత మీద అందంగా బోర్డు రాయించారు: చుక్క నీటినీ వృథా కానివ్వం. సంపులోకి దిగుతున్న ఒక తెల్లటి పైపును వెనక్కి వెతుక్కుంటూ పోతే పంపు గదిలో తేలాను. అక్కడ వాటర్ సాఫ్ట్‌నర్ ఉంది. బోరు నీటి కాఠిన్యం తగ్గించే యంత్రం అది. కొన్నాళ్లకొకసారి దాన్ని ఉప్పు నీళ్లతో కడగాలి, ఆ పనిని రీజనరేషన్ అంటారు. కడిగిన ఉప్పు నీరు మురుగులోకి పోవాలి. ఇక్కడ తోట సంపులోకి పోతోంది. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ముంచాను. అది అంకె చూపించడం మానేసి, తన వల్ల కాదని గీతలు పెట్టింది.

అడిగితే నర్సింహ చెప్పాడు, ఆ పైపు కలిపించింది ప్రసాదరావుగారే. నీరు ఆదా చేయాలన్న మంచి ఉద్దేశంతో.

అప్పుడే అందరినీ పిలిచి చెప్పెయ్యాలని కాళ్లు ఆగలేదు. ఆపుకున్నాను. నా మాట ఒక అభిప్రాయం, అన్నపూర్ణగారి మాట ఇంకో అభిప్రాయం అనుకుంటారు. అభిప్రాయాల పోటీలో ఎప్పుడూ పాతదే గెలుస్తుంది. అందుకని, బాగా వాడిన మూడు మల్లెమొక్కల్ని నా చేతులతో పెకలించి, వేళ్లు గేటు నల్లా కింద కడిగి, కొత్త మట్టితో కుండీల్లో నాటి నర్సింహ దగ్గర నీడలో పెట్టాను. వాటికి నల్లా నీళ్లే పోయాలని చెప్పాను. పూజావనం అలవాటు ప్రకారం సంపు నీళ్లతోనే సాగనివ్వమన్నాను. పోల్చి చూడడానికి ఇలా వేరు పెట్టే మొక్కల్ని మా వృత్తిలో కంట్రోల్ అంటారు. రిపోర్టు వారం తర్వాత ఇస్తాననీ, అందాకా యాదమ్మను కదపవద్దనీ ప్రసాదరావుగారి దగ్గర మాట తీసుకున్నాను.

ఆ వారం నాకు మనశ్శాంతి లేదు. మొక్క ఏ కారణానికైనా చచ్చిపోవచ్చు. ఆ మూడింట్లో ఒకటి చచ్చినా యాదమ్మ పని అయిపోయినట్టే.

వారం గడిచి మళ్లీ వెళ్లేసరికి అన్నపూర్ణగారే ఎదురొచ్చారు. "మీ చెయ్యి మంచిదండీ! గేటు దగ్గర కుండీల్లో మల్లెలు మొగ్గ విచ్చుకున్నాయి. పొద్దున్నే కోసి దేవుడికి పెట్టాను."

నేను ఆవిడ మొహం చూశాను. క్లబ్‌హౌస్‌కి పదండన్నాను.

క్లబ్‌హౌస్‌లో బల్ల మీద నా చిన్న మైక్రోస్కోపు పెట్టి, దానికి ఫోను బిగించి, బొమ్మ గోడ మీది టీవీలో పడేలా కలిపాను. కమిటీవాళ్లు కూర్చున్నారు. యాదమ్మ లేనిదే మొదలుపెట్టనన్నాను. ఆమె వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. నర్సింహ తనంతట తానే దూరాడు.

లాన్ల అంచుకు వేసే రియో మొక్క మీరు చూసే ఉంటారు. ఆకు పైన పచ్చ, కింద ఊదా. ఆ ఊదా పొరను సన్నగా ఒలిచి గాజుపలక మీద పరిచాను. టీవీ మీద తేనెపట్టులా గదులు కనిపించాయి. ప్రతి గది నిండా ఊదా రంగు, గోడలకు ఒత్తుకుని.

"ఒక్కో గది ఒక్కో కణం. చుట్టూ కనిపించే ఈ గీత కణకవచం, ఇంగ్లీషులో సెల్ వాల్. సెల్యులోజ్ అనే నారతో అల్లిన గోడ. దీని లోపల పల్చటి పొర ఉంటుంది, పొరలో నీళ్లు. బండి టైరు, లోపల ట్యూబు అనుకోండి. టైరు లేకుండా ట్యూబులో గాలి కొడుతూ పోతే?"

"ఫట్టున పగుల్తది," అన్నాడు నర్సింహ.

"టైరు ఉంది కాబట్టి పగలదు, గట్టిపడి బండిని మోస్తుంది. కణం నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, కవచం ఆపుతుంది. ఆ బిగువుని టర్గర్ అంటారు. మల్లె లేతకొమ్మ నిలబడేది దాని మీదే. వేపమాను సంగతి వేరు. అందులో కణాలు చచ్చిపోయినా దళసరి కవచాలు నిలిచి ఉంటాయి. మనం తలుపులు చేసుకునే కలప అదే. మల్లె కొమ్మకు అంత బలం లేదు. లోపల నీరు తగ్గితే మెడ వాల్చేస్తుంది."

తర్వాత సాఫ్ట్‌నర్ పైపు నుంచి పట్టిన నీటిసీసా తీసి యాదమ్మను పిలిచాను.

"మీరు వెయ్యండి ఒక చుక్క."

"నేనా?" అడుగు వెనక్కేసింది. "వద్దు మేడమ్. ఏమన్నైతె మల్ల నన్నే అంటరు."

"అవుతుంది. అందరి ముందూ అవ్వాలి. ఆ తర్వాత అదే చేత్తో బాగుచేద్దురుగాని."

ఆమె సీసా అందుకుంది. చుక్క పడింది. టీవీ మీద ఊదారంగు గోడల్ని వదిలి మధ్యకు ముడుచుకోవడం మొదలైంది. గోడలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్కో గదిలో ముద్దలా ముడుచుకున్న రంగు, చుట్టూ ఖాళీ.

"దీన్ని ప్లాస్మాలిసిస్ అంటారు. కణకవచం ఉప్పునీ నీటినీ రెంటినీ పోనిస్తుంది. లోపలి పొర మాత్రం నీటిని వదిలి ఉప్పును ఆపుతుంది. బయట ఉప్పెక్కువైతే లోపలి నీరు బయటికి లాగబడుతుంది. సంపులో ఈ నీరు కొంత పల్చబడుతుంది గాని, వేళ్ల దగ్గర జరిగేది ఇదే లాగుడు. అందుకే ఎక్కువ పోసినకొద్దీ ఎక్కువ వాడాయి. యాదమ్మగారు చూసింది నిజం."

"పంక్చరైందా మేడమ్?" అడిగాడు నర్సింహ.

"లేదు, గాలి దిగింది. చిల్లు పడలేదు కాబట్టి మళ్లీ కొట్టచ్చు. యాదమ్మగారూ, ఇప్పుడీ నల్లా నీళ్లు."

అదే చెయ్యి ఉప్పు నీటిని కాగితంతో అద్ది తీసింది, మంచినీటి చుక్కలు వేసింది. ఊదారంగు మెల్లగా విప్పారి గోడల్ని తాకింది. యాదమ్మ టీవీ వైపే చూస్తోంది, నోరు కొద్దిగా తెరిచి.

ప్రసాదరావుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆ పైపు నేనే కలిపించానండీ. కాలవల కింద ఉప్పుదేరి చవుడైన పొలాలు ఎన్ని చూశానో సర్వీసులో. నా ఇంటి ముందే నాకు తట్టలేదు." ఆయన మీద గౌరవం పెరిగింది.

అన్నపూర్ణగారు మాత్రం వదల్లేదు. "ఉప్పు నిజమే అనుకోండి. అది కూడా ఉండచ్చు, ఇది కూడా ఉండచ్చు కదండీ? పెద్దవాళ్లు ఊరికే అనరు. ఆ సమయంలో ఒంట్లో ఏదో వేడి..."

అప్పటిదాకా పళ్లబిగువున ఆపుకున్నది ఇక ఆపుకోలేదు.

"అన్నపూర్ణగారూ, మనిషి కణానికి ఈ గోడే లేదు. మన రక్తకణాన్ని ఉత్త మంచినీళ్లలో వేస్తే ఉబ్బి పగిలిపోతుంది. అందుకే ఆసుపత్రిలో ఉప్పు కలిపిన సెలైన్ ఎక్కిస్తారు. పెన్సిలిన్ సూక్ష్మక్రిమిని చంపి మన కణాల్ని వదిలేస్తుందంటే, అది క్రిమిని గోడ కట్టుకోనివ్వదు కాబట్టి. మనకు చెడగొట్టడానికి గోడ లేదు. నెలసరి రక్తంలో ఉన్నవీ ఆ గోడలేని కణాలే. అంత మెత్తటివి మన ఒంట్లోంచి, మన చేతి చర్మం దాటి, మల్లె కణకవచం దాటి మొక్కను చంపుతాయా? చెయ్యి తగిలితే మొక్కకు తెలిసేది ఆ ఒత్తిడి. అది ఆడ చెయ్యో మగ చెయ్యో, ఆ రోజు ఏ రోజో దానికి తెలిసే దారి లేదు."

"మీరు సైన్సు చెప్తున్నారు. నేను అనుభవం చెప్తున్నానండీ."

"అయితే అనుభవమే తీసుకోండి. పోయిన వారం గేటు దగ్గర మీరు నన్నడిగారు గుర్తుందా? ఆ రోజు నాకు రెండో రోజు. మీ పూజావనంలో ముట్టని మొక్క లేదు. ఆ మూడు మల్లెల్నీ వేళ్లతో సహా కడిగి నాటింది ఆ చేతులే. వాటి పూలు ఇవాళ పొద్దున మీ దేవుడి దగ్గర ఉన్నాయి."

నర్సింహ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అన్నపూర్ణగారి మొహం ఎర్రబడింది. "ముందే చెప్పాల్సిందండీ," అన్నారు.

"చెప్తే గేటు తీసేవారా?"

ఆవిడ లేచి వెళ్లిపోయారు.

పైపును మురుగులోకి మళ్లించారు. సంపు కడిగారు. తోట మట్టిలో నల్లా నీరు నిలవగట్టి ఉప్పును కిందికి దించే పని యాదమ్మే చేసింది. రిపోర్టులో కారణం ఉప్పునీరని రాసి, తోటమాలి పనితీరులో లోపం లేదని కూడా రాశాను. ఏజెన్సీ ఆమెను అక్కడే ఉంచింది. పద్ధతి పోయిందా? కమిటీ ఆ నియమాన్ని తీసేసింది. అయినా పనిచేసే ఆడవాళ్లలో కొందరు ఇప్పటికీ ఆ రోజుల్లో తమంతట తామే బేస్‌మెంట్‌కి దిగుతున్నారని విన్నాను. ఉప్పును కడగడానికి కొన్ని వారాలు చాలు. దీనికి ఎన్నాళ్లు పడుతుందో నాకు తెలియదు, తెలియకపోవడం నన్ను కుదురుగా కూర్చోనివ్వదు.

వానలు పడ్డాక ఒకసారి చూడ్డానికి వెళ్లాను. యాదమ్మ మల్లెలకు పాదులు చేస్తోంది. చేతులు దులుపుకుని దగ్గరకొచ్చింది.

"ఒక మాట అడగాల్నని ఎన్నడిసందో అనుకుంటున్న మేడమ్. నేను పెద్దమనిషైన యేడు మా ఇంటెనుక ఆనపతీగ ఉండె. పందిరి నిండ పిందెలు. నేను తెల్వక ముట్టిన. వారం దిరగకముందే ఎండింది. మా అవ్వ ఊరంత జెప్పింది. గప్పటిసంది నేను ఇత్తు నాటలే. పోసుడు, కోసుడు, గంతే. ఈ తోటల గూడ ఏది నాటినా పక్కోళ్లతోని నాటిస్త. ఉప్పు నీళ్లు ఆడ లేకుండె. మరి గా తీగ ఎందుకెండింది?"

వేరుకుళ్లు కావచ్చు, కాండంలో పురుగు కావచ్చు, వడలు తెగులు కావచ్చు. ఏదో ఒకటి చెప్తే ఆమె నమ్మేది. నా నాలిక చివర మూడు జవాబులున్నాయి.

"తెలియదు యాదమ్మా."

"తెల్వదా? మీకు గూడనా?"

"ఆ తీగను నేను చూడలేదు. చూడకుండా చెప్తే మీ అవ్వకూ నాకూ తేడా ఏముంది? మీ చెయ్యి వల్ల కాదు, అంతవరకు తెలుసు."

ఈ కేసు నాకు నేర్పింది ఇదే. తప్పుడు కారణాన్ని తీసేశాక ఒక ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని భరించలేకే జనం దగ్గర్లో ఉన్న ఆడమనిషిని తెచ్చి అందులో పెడతారు. హేతువాదికి కూడా ఆ ఖాళీ దురద పుట్టిస్తుంది. ఎదుటివాళ్ల అబద్ధాన్ని కొట్టెయ్యడం కన్నా, తెలియని చోట తెలియదని చెప్పి ఆగడమే నాకు కష్టమైన పని అయింది.

యాదమ్మ కొంగు ముడి విప్పి చూపించింది. నాలుగు ఆనపగింజలు.

"నిన్న బోరబండ అంగట్ల కొన్న. రూం మీద డాబా ఉన్నది, పెయింటు డబ్బల పెడ్త, నేనే. ఈసారి ఎండితె వేరుతోని సహా పీకి నీ దగ్గరికి పట్టుకొస్త మేడమ్. అప్పుడు తెల్వదంటె ఊకోను."